గొడ్డుపువ్వు కాసిన ఏడాది

చేదు సంగతి మొట్టమొదట చెప్పింది కుంపటవ్వ. బస్సులు ఆగేచోట, టిక్కెట్ల గది గోడకి ఆనుకుని, కుంపటి మీద చిలగడదుంపలు కాల్చి అమ్మే ముసలావిడ ఆమె. ఆ సాయంత్రం తీగలక్క అటుగా పోతుంటే చేయి పట్టుకుని ఆపేసింది. బూడిదలోంచి ఒక దుంప లాగి, ఒళ్లో గుడ్డతో తుడిచి, విరిచి సగం చేతిలో పెట్టింది. తీగలక్క నోట్లో వేసుకుని నమిలింది. మొదట తియ్యగానే ఉంది. మింగేవేళకి నాలిక మొదట్లో చేదు తగిలింది.

"మాడ్చేశావవ్వా," అంది.

"ఇన్నేళ్లూ మాడ్చనిదాన్ని ఇప్పుడు మాడుస్తానా? మాడితే పైపొర చేదెక్కుతుంది. ఇది లోపల చేదు. తిన్నవాళ్లు నా ముందే ఉమ్మేసి పోతున్నారు. మీ మరిది పొలంలో పోయిన పంట దుంపలే ఇవి. ఓసారి చూసుకోమ్మా."

చూస్తానంది తీగలక్క. చూడలేదు. ఆ రోజుల్లో ఆమె మనసు ఇంకోచోట ఉంది. అలా ఉండటం వల్లే ఇంత కథా నడిచింది.

ఆమెకి అసలు పేరు లేకపోలేదు, పిలిచేవాళ్లే లేరు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్లు కూడా తీగలక్కా అనే అంటారు. చుట్టుపట్ల చిలగడదుంప వేసే ప్రతి పొలానికీ నాటే తీగ ఆమె మడిలోంచే పోవాలి. ఈ పంట సంగతి తెలియనివాళ్లకి ఒక ముక్క చెప్పాలి. చిలగడదుంపని ఎవరూ గింజ వేసి పండించరు. పంట తవ్వినప్పుడు మంచి దుంపలు ఏరి, నీడపట్టున మడిలో పాతిపెడతారు. వాటికి మొలకలొచ్చి తీగలు సాగుతాయి. ఆ తీగల్ని ముక్కలుగా కోసి, కట్టలు కట్టి, తడిగుడ్డ కప్పి ఉంచి, తర్వాత పొలంలో మట్టి ఎగదోసి తీర్చిన బోదెల మీద నాటుతారు. ఆ ముక్కనే అందరూ విత్తనం అంటారు. విత్తనం అంటే తీగే అని తీగలక్క కూడా ఈ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచీ అనుకుంటూ వచ్చింది. అసలు గింజనేది ఎలా ఉంటుందో ఆమె చూసి ఎరగదు.

మడి ఆమెకి అత్తగారి నుంచి వచ్చింది. దాంతోపాటు రెండు కట్టడులు కూడా వచ్చాయి. తీగ కొస మాత్రమే కోయాలి, మొదలు ముట్టుకోకూడదు. బయటి తీగ ఒక్కటి కూడా ఈ నేల మీదికి రాకూడదు. ఎందుకని అడిగితే చెప్పే మనిషి కాదు అత్తగారు, చేతిలో ఉన్నది విసిరే మనిషి. కాబట్టి తీగలక్క అడగలేదు. కట్ట కట్టేముందు ఒక ముక్క విరిచి చూడటం మాత్రం ఆవిడ దగ్గరే నేర్చుకుంది. విరిచినచోట తెల్లగా పాలచుక్క పొంగితే తీగ ఆరోగ్యంగా ఉన్నట్టు. పాలు రాని తీగని గట్టు అవతల పారేసి కాలితో తొక్కాలి.

ఇంకొకటి కూడా వచ్చింది అత్తగారి దగ్గర్నుంచి. అదొక మాట.

మడిలో తీగ ముదిరాక పూలు పూస్తుంది. లేత ఊదారంగు, లోపల ముదురు, పొద్దెక్కేసరికి ముడుచుకుపోతాయి. ఆ పూలు ఏనాడూ కాయ కట్టిన పాపాన పోలేదు. అందుకని వాటికి గొడ్డుపూలు అని పేరు. అత్తగారు మడిలోకి దిగి వాటిని తుంపి పడేస్తూ, "బలం తినడానికే పుట్టాయి, దేనికీ పనికిరావు," అనేది. అనేటప్పుడు చూపు పువ్వు మీద ఉండేది కాదు, అరుగు మీద కట్టలు కడుతున్న కోడలి మీద ఉండేది. తీగలక్కకి పిల్లలు లేరు. ఆసుపత్రికి తీసుకెళ్లింది ఆమెనొక్కదాన్నే. మందులు మింగిందీ, సూదులు పొడిపించుకుందీ ఆమే. మొగుడు మంచివాడే. నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. మరలన్నిటితోనూ మాట్లాడేవాడు గానీ అమ్మ ముందు మాత్రం నోరు పెగిలేది కాదు. అత్తగారు పోయింది, తర్వాత ఆయనా పోయాడు. ఆ మాట మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. తీగలక్క కూడా పూలు తుంపేటప్పుడు అలవాటుకొద్దీ గొడ్డుపూలనే అనేది.

ఆమెకంటూ మిగిలింది మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి తప్పటడుగులు వేస్తున్నాడు. అత్తగారికి మడితోనే సరిపోయేది కాబట్టి వాడికి అన్నం తినిపించిందీ, జ్వరమొస్తే ఒళ్లో వేసుకు కూచుందీ వదినే. ఇప్పుడు పెళ్లయి పక్కింట్లో కాపురం ఉంటున్నాడు. వాడి పొలానికీ ఆమె మడికీ నడుమ గట్టు ఒక్కటే అడ్డం. ఊరంతటిలో పెద్ద దుంపలు ఎప్పుడూ వాడి పొలంలోనే ఊరేవి.

కొన్నేళ్లుగా అవీ ఊరడం లేదు. ఎవరి పొలంలోనూ ఊరడం లేదు. తవ్వితే వేలి లావు వేళ్లు తప్ప దుంపలు కనపడవు. ఆకులు ముడతలు పడి, మచ్చలు కట్టి, చూస్తేనే నీరసంగా ఉంటున్నాయి. ఇక చూడాలి, తలకో వైద్యం. యూరియా ఎక్కువై బలమంతా ఆకుకే పోయిందని ఒకాయన తేల్చేశాడు. బోదెలు ఎత్తుగా తోలలేదు, నీళ్లు నిలిచి దుంప ఊపిరాడక చచ్చిందని ఇంకొకాయన. తీగల్ని తిప్పి వేయకపోతే కణుపు కణుపుకీ వేరుపోసుకుని బలం పంచేసుకుంటుందని మూడో ఆయన. ఈయనగారు తన పొలంలో ఏనాడూ తీగ తిప్పిన పాపాన పోలేదు. అన్నీ కొంత కొంత నిజాలే. అన్నీ సరిచేసుకున్న పొలంలో కూడా దుంప ఊరలేదన్నది మాత్రం ఎవరూ పైకి అనలేదు. మరిదొక్కడే ఒకసారి కదిపాడు.

"ఇదే తీగని ఎన్నాళ్లని కోసి కోసి నాటతాం వదినా? ముసలిదైపోయింది. బయట కొత్త రకాలున్నాయట, తెద్దాం."

ఆమె ఒంటికాలి మీద లేచింది. "మీ అమ్మ ఉంటే నీ నోరు నొక్కేసేది. బయటి తీగ ఈ నేల మీద పెడితే నేను గడప దాటి నీ ఇంటికి రాను," అంది. వాడు తలొంచుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఆ ఊసెత్తలేదు. అంత తొందరగా ఊరుకున్నాడేమిటని అనుమానపడవలసింది, పడలేదు.

పోయిన పంట చివరలో, గట్టు పక్క వరసలో ఎండిన తీగలు ఏరుతుంటే, పూలుండాల్సినచోట ఆమె వేళ్లకి ఏదో గరుగ్గా తగిలింది. ఆకు తప్పించి చూస్తే కాయ. శనగగింజంత, గోధుమరంగు, ఎండి పెళుసుగా ఉంది. వేలితో నొక్కితే చిట్లి అరచేతిలో రెండు నల్లటి గింజలు పడ్డాయి. ఆమె చుట్టూ చూసింది, దొంగతనం చేసినదానిలా. తర్వాత మోకాళ్ల మీద కూచుని వరసంతా వెతికింది. ఇంకా ఉన్నాయి. గట్టు పక్క వరసలోనే ఉన్నాయి, లోపలి వరసల్లో లేవు. ఆ తేడా ఆమె కంటికి కనబడింది గానీ మనసుకి ఎక్కలేదు. గొడ్డుపువ్వు కాసింది. ఆ ఒక్క మాట తప్ప ఆమెకేమీ వినబడటం లేదు. చెంగున ముడేసుకుని ఇంటికొచ్చి, తలుపు వేసుకుని ఏడ్చింది. ఎందుకు ఏడుస్తోందో అడిగితే చెప్పలేకపోయేది.

ఎవరికీ చెప్పలేదు. మరిదికి కూడా చెప్పలేదు. గింజల్ని నానబెట్టింది, మొలవలేదు. మళ్లీ నానబెట్టింది, రాళ్లలా అలాగే ఉన్నాయి. ఒకనాడు విసుగొచ్చి, గోళ్లు తీసుకునే కత్తెరతో ఒకదాని పెంకు ఒక పక్క చిన్నగా కత్తిరించి నీళ్లలో వేసింది. తెల్లారి చూస్తే అది ఉబ్బి ఉంది. ఇక ఒక్కొక్కటీ పట్టుకుని, లోపలి పప్పుకి తగలకుండా, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అన్నిటికీ అలాగే చేసింది. ఖాళీ రంగు డబ్బాల్లో మట్టి నింపి వేసింది. మొలకలు లేచాయి. నడుమ చీలి, రెండు రెక్కల్లాంటి ఆకులతో లేచాయి. పెరిగేకొద్దీ ఏ మొక్కకి ఆ మొక్కే. ఒకదానికి గుండ్రటి ఆకు, ఒకదానికి వేళ్లు విప్పిన చెయ్యిలాంటి ఆకు, ఒకదాని తొడిమ ఎరుపు. అన్నీ ఒకే తీరుగా ఉండే తీగల మధ్య బతికిన మనిషికి ఇది వింతగా ఉంది. పొద్దున్నే లేచి మొహం కడుక్కోకుండానే డబ్బాల దగ్గర కూచునేది. "నువ్వెవరి పోలికే?" అని అడిగేది ఒక్కోదాన్ని. నవ్వులాటకే అడిగేది. ఆ ప్రశ్నకి జవాబు వెతికి ఉంటే కొంప నిలబడేది.

మొక్కలు డబ్బాల్లో ఇమడనంత పెరిగాక మడిలో సగం ఖాళీ చేసి వాటికిచ్చింది. దాంతో ఈ ఏడు నాటే వేళకి తీగ చాల్లేదు. జనం వాకిట్లో నిలబడ్డారు. "ఎప్పుడూ లేనిది, లేదంటావేంటక్కా," అన్నారు. లేదనడం ఆమెకి చేతకాలేదు. కొసలన్నీ అయిపోయాయి. అప్పుడామె కత్తి ఇంకాస్త కిందికి దించింది. మొదళ్లు కోసింది. విరిచి చూస్తే కొన్నింటికి పాలు సరిగా రాలేదు. ముదురు తీగ కదా, అంతేలే అనుకుని కట్టలో పెట్టేసింది. ఆ పూట అత్తగారు బతికుంటే ఏం విసిరేదో మరి. అందరూ సంతోషంగా కట్టలు భుజాన వేసుకుని వెళ్లారు.

కుంపటవ్వ చేయి పట్టుకుని ఆపింది ఆ తర్వాతే.

ఆ తర్వాత కొన్నాళ్లకే పంటల ఆఫీసు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. దిగుబడి ఎందుకు పడిపోతోందో చూసి రమ్మన్నారట. అందరూ ఆఫీసరమ్మా అంటుంటే సిగ్గుపడేది. మాట నెమ్మది. అడిగింది అడిగినట్టే విని, ఒక్కొక్క పొలం తిరిగి, చివరికి తీగలక్క మడి దగ్గరికి వచ్చింది. గింజమొక్కల్ని చూడగానే ఆగిపోయింది.

"ఇవి గింజ నుంచి లేపారా? మీరే?" 

"నేనే. గొడ్డుపువ్వు కాసిందమ్మా," అంది తీగలక్క. ఇన్నాళ్లూ దాచుకున్నది ఎవరితోనైనా చెప్పుకోగలిగినందుకు మొహం విచ్చుకుంది.

ఆ అమ్మాయి గొడ్డుపువ్వంటే ఏమిటని అడిగింది. తీగలక్క చెప్పింది. ఆ అమ్మాయి నవ్వి, గట్టు మీద కూచుంది. "పువ్వులో ఏ లోపమూ లేదండీ. దీని పద్ధతే అంత. తన పుప్పొడితో తను గింజ కట్టదు. మీ ఊరంతా ఉన్నది ఒకే మొక్క, ముక్కలు ముక్కలుగా. అన్నీ కలిపి ఒక్కటే. ఇంకో రకం పుప్పొడి తగలాలి. ఇన్నాళ్లూ తోడు లేదు, అంతే. పాపం, దాన్ని గొడ్డుదంటే ఎలా?"

తీగలక్క కట్టలు కట్టే అరుగు వైపు చూసింది. లోపం ఎక్కడుందో తన మొగుడి వైపు కూడా చూడాలని ఈ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు. ఆసుపత్రి బల్ల మీద పడుకున్న రోజులన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి. కోపం వచ్చింది, చనిపోయినవాళ్ల మీద వచ్చే కోపం, ఎవరి మీదా చూపించడానికి లేనిది. కానీ దాన్ని అనుభవించడానికి కూడా వ్యవధి లేకపోయింది, ఆ అమ్మాయి లేచి నిలబడి అటూ ఇటూ చూస్తోంది.

"మరి ఇప్పుడు గింజ కట్టిందంటే, ఇక్కడ దగ్గర్లోనే ఇంకో రకం తీగ ఉందన్నమాట. ఎవరు తెచ్చారు? ఎక్కణ్ణించి తెచ్చారు?"

ఎవరూ తేలేదని చెప్పబోయింది తీగలక్క. గట్టు పక్క వరస గుర్తొచ్చింది. ఆ వరసలోనే కాయలు, లోపల లేవు. ఆ గట్టు అవతల ఉన్నది మరిది పొలం.

ఆ అమ్మాయి అప్పటికే పాత తీగల్లోకి వంగింది. ఒక మొదలు పట్టుకుంటే చేతికి ఉబ్బుగా, పగుళ్లుగా తగిలింది. చాకుతో నిలువునా చీల్చింది. లోపలంతా తొలిచేసి ఉంది, నల్లటి పొడి రాలింది. చీమలాంటి పురుగొకటి బయటికి పాకింది. పొడుగాటి ముక్కు, నడుం ఎర్రగా, వెనకభాగం నీలంగా మెరుస్తోంది. ముక్కుపురుగు అని చెప్పింది. తీగ మొదట్లో గుడ్లు పెడుతుంది, బోదె నెర్రెలిచ్చినచోట లోపలికి దిగి దుంపని తొలుస్తుంది, తొలిచిన దుంప చేదెక్కుతుంది. తీగ ముక్కల్లో పడి ఊరి నుంచి ఊరికి చేరుతుంది, బయటి తీగతోనే ఇక్కడికీ వచ్చి ఉంటుందంది. కొసల్లో తక్కువ, మొదళ్లలో ఎక్కువ. ఆకు ముడతలు మాత్రం వేరే రోగమట, ఏటా అదే తీగ కోసి నాటడం వల్ల పేరుకున్నది, గింజలోకి దిగదట.

"మీరు కొసలే ఇచ్చారుగా?" అని అడిగింది. తీగలక్క తల అడ్డంగా ఊపింది.

మరిది పొలానికి ఆమె గట్టు మీంచే దిగింది. వాడు నడుం వంచి బోదెలకి మట్టి ఎగదోస్తున్నాడు. వదిన రావడం చూసి పార ఆనించి నిలబడ్డాడు. ఆమె తీగలెత్తి చూసింది. ఆకు ఆమెది కాదు. వేళ్లు విప్పిన చెయ్యిలాంటి ఆకు, ఎర్రటి తొడిమ. ఈ కొస నుంచి ఆ కొసదాకా అదే.

"పోయినసారి నడుమ నాలుగు బోదెలే వేశాను వదినా," అన్నాడు వాడు. "చుట్టూ మన తీగే పెట్టాను, కనపడకుండా. బాగా ఊరింది. పక్కన రెండో రకం ఉంటే కాయ కడుతుందని తీగ ఇచ్చినవాళ్లు ముందే చెప్పారు. అంతలో నీకు కాయలు దొరికాయి. గట్టు దగ్గర మోకాళ్ల మీద కూచుని ఏరుకోవడం చూశాను. అయిపోయింది నా పని, వచ్చి చీల్చేస్తావనుకున్నాను. రోజూ ఎదురుచూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు రాలేదుగా. పైగా నవ్వుతూ తిరిగావు. డబ్బాల్లో పెంచుకున్నావు. అన్నీ తెలిసే ఊరుకుంది, వదిన ఒప్పుకుంది అనుకున్నాను. అందుకే ఈసారి పొలమంతా వేశాను." పారకి అంటిన మట్టి గోటితో గీరాడు. "అడిగిన ఇద్దరు ముగ్గురికి కూడా ఇచ్చాను. మా వదినకి తెలుసులే అని చెప్పే ఇచ్చాను."

చెంప పగలగొడదామని చెయ్యి లేచింది. లేచిన చెయ్యి వాడి భుజం మీద పడి అక్కడే ఉండిపోయింది. తిట్టడానికి ఆమె దగ్గర మాటలున్నాయి, తిట్టే హక్కు మాత్రం మిగల్లేదు. కుంపటవ్వ దుంప సంగతి చెప్పి, ఒక తీగ మొదలు విరిచి చూపించింది. పాలు రాలేదు. వాడు ఇంకో మొదలు తనే విరిచి చూశాడు.

ఆఫీసరమ్మ చెప్పినదాంట్లో తిరకాసేమీ లేదు. ఉన్న తీగంతా పీకి కాల్చేయాలి. ప్రతి పొలంలో, ప్రతి మడిలో. కాలవ గట్టున అడవిగా పెరిగే తూటి తీగలు కూడా ఉండకూడదు, పురుగు వాటిలోనూ బతుకుతుంది. ఒక పంటకాలం నేల మీద చిలగడదుంప అన్నదే కనపడకపోతే పురుగు తిండి లేక చస్తుంది. ఆ తర్వాత మంచి తీగ తాను తెప్పిస్తానంది. ఏ ఒక్క పొలం మిగిలినా చేసిందంతా దండగ.

"గింజమొక్కలకి రోగం రాదన్నావుగా?" అంది తీగలక్క.

"పాత తీగ రోగాలు గింజలోకి దిగవన్నాను. పురుక్కి అదేం తెలుసు? పక్కనే ఉన్నాయి, ఇవాళ కాకపోతే రేపు పాకుతుంది. ఇంకో మాట. మీవి మీరు పీకకుండా ఎదుటివాళ్లవి పీకమంటే ఎవరూ వినరండీ."

అది కాదనడానికి లేదు. మరిదిని ఊళ్లోకి పంపింది, ఇంటింటికీ వెళ్లి చెప్పి రమ్మని. తాను మడిలోకి దిగింది. పాత తీగ పీకడానికి ఎంతోసేపు పట్టలేదు. మొదళ్లు పుటుక్కున తెగిపోయాయి, పొడి రాలింది. తర్వాత గింజమొక్కల దగ్గరికొచ్చి కూచుంది. చచ్చినవి ఏరి పారేయడం ఆమెకి అలవాటే. బతికున్నదాన్ని పీకడం ఇదే మొదలు. ముందు ఒకదాన్ని విరిచి చూసింది, పాలు రాకూడదని కోరుకుంటూ. వచ్చాయి. తెల్లగా, చిక్కగా పొంగి వేళ్ల మీదికి కారాయి. రెండోది విరిచింది, దానికీ వచ్చాయి. ఏ ఒక్కదానికీ రోగం లేదు. అన్నిటినీ పీకింది. వేళ్లకింద అప్పుడే దుంపలు పడుతున్నాయి. ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు, ఒకటి లోపల పసుపు. ఎవరి పోలికో ఇక తెలిసే దారి లేదు. కుప్పవేసి నిప్పు పెట్టింది. పచ్చివి కావడంతో వెంటనే అంటుకోలేదు, పొగే ఎక్కువొచ్చింది.

మరిది పొద్దు వాలేవేళకి తిరిగొచ్చాడు. గట్టు మీద నిలబడ్డాడు గానీ కిందికి దిగలేదు.

"ఏమన్నారు?" అని అడిగింది.

"నవ్వుతున్నారు వదినా."

"పురుగు సంగతి చెప్పావా? చేదు సంగతి?"

"అన్నీ చెప్పాను. ఆఫీసువాళ్లు ఏదో ఒకటి చెప్తూనే ఉంటారన్నారు. తీగలక్క తన చేత్తో కోసిచ్చిన తీగ, దానికేమవుతుంది అన్నారు. మీ అమ్మ కాలం నుంచీ చూస్తున్నాం, ఒక్కనాడు చెడ్డ తీగ ఇచ్చింది లేదన్నారు." వాడు పొగ వైపు చూశాడు. "నీ తీగ మీద ఎవరికీ అనుమానం లేదు వదినా."

తీగలక్క తొట్టి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. వేళ్లకి అంటిన పాలు అప్పటికే ఎండి నల్లబడ్డాయి. ఇసుక వేసి రుద్దినా పోలేదు. అవతల పొలాల్లో ఎవరో కొత్త తీగలకి నీళ్లు పెడుతున్నారు, మోటారు చప్పుడు వినబడుతోంది. ఆమె ఆ చేతులతోనే చెప్పులు తొడుక్కుని, మొదటి ఇంటి వైపు నడిచింది. మొదళ్లు తనే కోశానని చెప్పాలి. నమ్ముతారో లేదో తెలియదు.